దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంత రైతు ఉత్పత్తిదారుల సంస్థల్లో విచారణల నమోదు, తదుపరి సంప్రదింపుల నిర్వహణ

సారాంశం

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని రైతు ఉత్పత్తిదారుల సంస్థలు, యంత్రాల అద్దె కేంద్రాలు, నారుమళ్ల యూనిట్లు ఎదుగుతున్న కొద్దీ వాటికి వచ్చే విచారణల సంఖ్య పెరుగుతుంది. మెట్ట వ్యవసాయంలో ఈ విచారణలు ఏడాది పొడవునా సమంగా రావు. తొలకరి, యాసంగి విత్తు సమయాల్లో కొద్ది రోజుల్లోనే గుంపుగా వస్తాయి. ఆ రోజుల్లో సమాధానం అందని రైతు అదను కోల్పోతాడు. సంస్థ ఆ రైతునే కోల్పోతుంది. విచారణలను నమోదు చేసే విధానం, ప్రాధాన్య క్రమం, పంట దశల ఆధారంగా తిరిగి సంప్రదించే పద్ధతి, పనితీరు కొలమానాలు, విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర ఈ వ్యాసంలో వివరించడమైనది.

ముఖ్య పదాలు: రైతు ఉత్పత్తిదారుల సంస్థ, విచారణ, తదుపరి సంప్రదింపు, విత్తు అదను, దక్షిణ తెలంగాణ మండలం

ఉపోద్ఘాతం

దక్షిణ తెలంగాణ మండలంలోని ఎర్ర చెలక నేలలకు నీటిని పట్టి ఉంచే శక్తి తక్కువ. వాన పడిన తరువాత విత్తడానికి తగిన పదును కొద్ది రోజులే నిలుస్తుంది. అందువల్ల ఈ ప్రాంత రైతు భాషలో అదను, పదును అనే రెండు మాటలు జంటగా వినిపిస్తాయి. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో మంచి వాన పడగానే ఆముదం, కంది, పత్తి విత్తనాల కోసం, విత్తే గొర్రు కోసం, ట్రాక్టరు కోసం రైతులు ఒకేసారి బయలుదేరుతారు. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల ప్రాంతాల్లో ఉత్తర, హస్త కార్తెల్లో యాసంగి వేరుశనగ విత్తనం కోసం ఇదే ఒత్తిడి మళ్లీ కనిపిస్తుంది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల పథకాల కింద, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద నీరు వదిలిన రోజుల్లో వరి రైతుల విచారణలు కూడా వీటికి తోడవుతాయి.

ఈ అవసరాలను తీర్చడానికి ఏర్పడినవే రైతు ఉత్పత్తిదారుల సంస్థలు. వై.కె. అలఘ్ కమిటీ సూచనల ఆధారంగా 2002లో కంపెనీల చట్టానికి చేసిన సవరణ ద్వారా ఉత్పత్తిదారుల కంపెనీ అనే రూపం దేశంలోకి వచ్చింది. 2020 ఫిబ్రవరి 29న ప్రారంభమైన 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల ఏర్పాటు పథకం వీటి సంఖ్యను వేగంగా పెంచింది. ఈ పథకం కింద మైదాన ప్రాంతంలో ఒక్కో సంస్థలో కనీసం 300 మంది సభ్యులుండాలి. నిర్వహణ ఖర్చుల కోసం మూడేళ్ల కాలానికి ఒక్కో సంస్థకు గరిష్ఠంగా రూ. 18 లక్షల వరకు సాయం లభిస్తుంది.

మూడేళ్లు అన్న గడువును జాగ్రత్తగా గమనించాలి. ఆ తరువాత ముఖ్య కార్యనిర్వహణాధికారి జీతం, గుమస్తా జీతం, కార్యాలయ అద్దె సంస్థ వ్యాపారం నుంచే రావాలి. ఆ వ్యాపారం మొదలయ్యేది రైతు అడిగే ఒక ప్రశ్నతో, లేదా కొనుగోలుదారు చేసే ఒక ఫోనుతో. ఆ ప్రశ్న కాగితం మీదకు ఎక్కకుండా, జవాబు లేకుండా పోతే, సాయం ఆగిన నాటికి సంస్థకు సభ్యుల జాబితా మిగులుతుంది గాని వ్యాపారం మిగలదు. విస్తరణ విభాగాలు సంస్థల నమోదుకు, వాటాధనానికి, లైసెన్సులకు ఇచ్చిన శ్రద్ధను విచారణల నిర్వహణకు ఇవ్వవలసిన అవసరం ఇక్కడే ఉంది.

విచారణ అంటే ఏమిటి

వ్యాపార పరిభాషలో లీడ్ అనే మాటను ఇక్కడ విచారణ అని వ్యవహరించడమైనది. కొనే అవకాశం, అమ్మే అవకాశం లేదా సేవ పొందే అవకాశం ఉన్న వ్యక్తి చూపిన ఆసక్తియే విచారణ. రైతు సంస్థకు ఇవి రెండు దిక్కుల నుంచి వస్తాయి.

మొదటిది సభ్యుల వైపు నుంచి వచ్చేది. విత్తనం ఉందా, ధర ఎంత, ట్రాక్టరు ఎప్పుడు వస్తుంది, డ్రోన్‌తో మందు కొడతారా, బత్తాయి అంట్లు దొరుకుతాయా అన్నవి ఈ కోవకు చెందుతాయి. రెండవది కొనుగోలుదారుల వైపు నుంచి వచ్చేది. పప్పు మిల్లు వారు కంది అడగవచ్చు, నూనె మిల్లు వారు వేరుశనగ అడగవచ్చు, పండ్ల వ్యాపారి బత్తాయి తోట చూపమనవచ్చు. ఈ రెండింటినీ ఒకే పుస్తకంలో కలిపి రాస్తే గందరగోళం ఏర్పడుతుంది. కాని రెండింటినీ విడదీసి ఒకదానితో ఒకటి పోల్చుకోకపోయినా నష్టమే. ఏ గ్రామంలో ఎంత కంది ఎప్పుడు కోతకు వస్తుందో సభ్యుల పుస్తకం చెప్పినప్పుడే మిల్లు వారికి నమ్మకంగా మాట ఇవ్వడం సాధ్యపడుతుంది.

విస్తరణ శాస్త్ర విద్యార్థులకు ఈ విషయం కొత్తది కాదు. ఎవరెట్ రోజర్స్ 1962లో వెలువరించిన గ్రంథంలో కొత్త పద్ధతి స్వీకరణను అవగాహన, ఆసక్తి, మూల్యాంకనం, ప్రయత్నం, స్వీకరణ అనే ఐదు దశలుగా వివరించాడు. సంస్థకు ఫోన్ చేసిన రైతు ఆసక్తి దశలో ఉండవచ్చు, మూల్యాంకన దశలో ఉండవచ్చు. అతడు ఏ దశలో ఉన్నాడో గుర్తించి తగిన సమాచారం ఇవ్వడమే తదుపరి సంప్రదింపు. అంతకుముందు, 1943లో రయాన్, గ్రాస్ అనే పరిశోధకులు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో సంకర మొక్కజొన్న వ్యాప్తిపై ప్రచురించిన అధ్యయనం మరొక సంగతిని చూపింది. ఆ విత్తనం గురించి రైతులకు మొదట తెలిపిన వారిలో విత్తన కంపెనీల అమ్మకందారులు ముందున్నారు. వేయాలన్న నిర్ణయానికి మాత్రం పొరుగు రైతుల అనుభవమే ఎక్కువగా తోడ్పడింది. తొలి సమాచారానికీ నిర్ణయానికీ మధ్య ఖాళీ ఉంటుందనీ, ఆ ఖాళీలో ఎవరు రైతుతో మాట్లాడుతూ ఉంటారన్నదే ఫలితాన్ని తేలుస్తుందనీ దీనివల్ల గ్రహించవచ్చు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఆ ఖాళీని నింపుతున్నది చాలాచోట్ల ఉద్దెరకు ఎరువులిచ్చే దుకాణదారుడు.

ఎదుగుదలతో వచ్చే ఇబ్బంది

సంస్థ చిన్నదిగా ఉన్నప్పుడు ముఖ్య కార్యనిర్వహణాధికారికి ప్రతి సభ్యుడూ ముఖపరిచయమే. ఎవరు ఏమి అడిగారో మనసులోనే ఉంటుంది. సభ్యులు, సేవలు పెరిగిన తరువాత కూడా అదే జ్ఞాపకం మీద ఆధారపడటం వల్ల ఇబ్బంది మొదలవుతుంది. ఇది ఆ వ్యక్తి అశ్రద్ధ వల్ల జరిగేది కాదని ఒక సులభ గణితం ద్వారా వివరించవచ్చు.

జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం, ఏ సమయంలోనైనా పెండింగులో ఉండే విచారణల సగటు సంఖ్య, రోజుకు వచ్చే కొత్త విచారణలను ఒక్కో విచారణ ముగియడానికి పట్టే సగటు రోజులతో గుణించిన దానికి సమానం. ఉదాహరణకు రోజుకు 30 విచారణలు వస్తూ, ఒక్కోటి ముగియడానికి సగటున 4 రోజులు పడుతుందనుకుంటే, ఎప్పుడు చూసినా 120 విచారణలు తెరిచి ఉంటాయి. 120 మంది అవసరాలను, వారికిచ్చిన మాటలను ఎవరూ జ్ఞాపకం ఉంచుకోలేరు. అదే సగటును ఒకటిన్నర రోజుకు తగ్గిస్తే పెండింగు 45కు దిగుతుంది. కొత్త ఉద్యోగిని నియమించకుండానే భారం తగ్గే మార్గం ఇది.

రెండవ సంగతి నిరీక్షణకు సంబంధించినది. కోపెన్‌హేగన్ టెలిఫోన్ సంస్థలో పనిచేసిన ఎ.కె. ఎర్లాంగ్ 1909లో తొలి పరిశోధన ప్రచురించినప్పటి నుంచి వరుసల సిద్ధాంతం అభివృద్ధి చెందింది. అందులోని అతి సరళ నమూనాను తీసుకుందాం. రోజుకు 8 గంటలు పనిచేసే ఒక గుమస్తా సగటున 40 విచారణలకు సమాధానం ఇవ్వగలడని, విచారణలు ఏ క్రమమూ లేకుండా వస్తాయని అనుకుందాం. రోజుకు 30 విచారణలు వచ్చినప్పుడు ఒక్కో విచారణ ముగియడానికి సగటున 48 నిమిషాలు పడుతుంది. 36 వచ్చినప్పుడు అది 2 గంటలవుతుంది. 39 వచ్చినప్పుడు 8 గంటలకు, అంటే ఒక పూర్తి పనిదినానికి చేరుతుంది. విచారణలు 30 శాతం పెరిగితే నిరీక్షణ పది రెట్లు పెరిగిందన్నమాట. తొలకరి వారంలో సంస్థ ఫోను ఎత్తదన్న ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. మామూలు రోజుల్లో సరిపోయిన ఏర్పాటు ఆ వారంలో ఒక్కసారిగా కూలిపోతుంది. అందువల్ల ఆ రెండు మూడు వారాలకు మాత్రం అదనంగా ఒక మనిషిని ఫోను వద్ద కూర్చోబెట్టడం, ఏడాది పొడవునా ఇద్దరిని పోషించడం కంటె మేలు.

నమోదు పుస్తకం

విచారణల నిర్వహణకు మొదటి మెట్టు ఒకే ఒక నమోదు పుస్తకం. ఫోను ద్వారా వచ్చినా, వాట్సాప్‌లో వచ్చినా, డైరెక్టరు గారికి టీ కొట్టు దగ్గర నోటిమాటగా చెప్పినా, ప్రతి విచారణ అదే రోజు ఆ పుస్తకంలోకి ఎక్కాలి. అందులో ఉండవలసిన గడులు ఇవి:

1. వరుస సంఖ్య, తేదీ, సమయం
2. రైతు లేదా కొనుగోలుదారు పేరు, గ్రామం, ఫోను నంబరు
3. అడిగినది ఏమిటి, ఎంత పరిమాణం, ఏ తేదీలోపు
4. నేల, నీటి వసతి, పంట. విత్తి ఉంటే విత్తిన తేదీ
5. ఇచ్చిన సమాధానం, ఇచ్చిన మాట
6. తిరిగి మాట్లాడవలసిన తేదీ
7. బాధ్యత ఎవరిది
8. ముగింపు: జరిగింది, జరగలేదు, జరగకపోతే కారణం

వీటిలో ఆరు, ఏడు గడులు అతి ముఖ్యమైనవి. తేదీ లేని మాట, మనిషి లేని బాధ్యత పుస్తకంలో ఉన్నా లేనట్టే. ప్రతి ఉదయం పని మొదలు కాగానే ఆ రోజు తేదీ పడిన వరుసలన్నీ ముందుగా చూడటం, సాయంత్రం తలుపు వేసే ముందు ఏ వరుసకూ తదుపరి తేదీ ఖాళీగా లేదని నిర్ధారించుకోవడం అలవాటు కావాలి.

ఈ పద్ధతికి దేశవ్యాప్త ఉదాహరణ కిసాన్ కాల్ సెంటర్. 2004 జనవరి 21న ప్రారంభమైన ఈ సేవలో 1800-180-1551 నంబరుకు రైతు తన భాషలో ఫోన్ చేయవచ్చు. మొదటి స్థాయిలో తేలని ప్రశ్న పై స్థాయి నిపుణునికి చేరుతుంది. ప్రతి ప్రశ్న నమోదు కావడం, తేలని ప్రశ్నకు తదుపరి బాధ్యుడు ఉండటం అనే రెండు నియమాలను చిన్న సంస్థ కూడా ఖర్చు లేకుండా పాటించవచ్చు. సంస్థ గుమస్తాకు తెలియని తెగులు ప్రశ్న వ్యవసాయ విస్తరణాధికారికి, అక్కడా తేలనిది పాలెం, కంపాసాగర్, గడ్డిపల్లి, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాలలో దగ్గరి దానికి చేరేలా ముందుగానే ఒప్పందం చేసుకోవచ్చు.

ప్రాధాన్య క్రమం

అన్ని విచారణలకూ ఒకే తొందర ఉండదు. ఎవరు పెద్దగా అడిగారు, ఎవరు డైరెక్టరుకు దగ్గర అన్నది ప్రమాణం కారాదు. ఆలస్యమైతే ఎవరికి ఎంత నష్టం అన్నదే ప్రమాణం కావాలి. దీనికి పంట స్వభావమే దారి చూపుతుంది.

విత్తే పదును, తెగులు ఉధృతి వంటివి గంటల లెక్కలో తేల్చవలసినవి. కొల్లాపూర్ ప్రాంతపు మామిడి కోసిన తరువాత మాగే పండు కనుక, పక్వానికి వచ్చిన కాయకు కొనుగోలుదారుని కోసం వేచి ఉండే వ్యవధి తక్కువ. నల్లగొండ బత్తాయి కోసిన తరువాత మాగదు. చెట్టు మీద కొంతకాలం నిలుపుకోవచ్చు గాని, నిలిపిన కొద్దీ కాయ రాలుడు పెరుగుతుంది. కనుక బత్తాయి వ్యాపారి విచారణకు ఆ రోజే జవాబు ఇవ్వాలి గాని, ధర నచ్చకపోతే కొద్ది రోజులు ఆగే వీలుంది. కంది బాగా ఆరబెట్టి నిల్వ చేస్తే వారాల తరబడి బేరమాడవచ్చు. వేరుశనగ కాయలో తేమ 9 శాతానికి మించితే బూజు, అఫ్లాటాక్సిన్ ముప్పు ఉంటుంది కనుక మిల్లు వారు అడిగిన వెంటనే తేమ కొలిచి చెప్పగలగాలి. ఈ భేదాలు తెలిసిన గుమస్తా ప్రతి విచారణను నేడు, ఈ వారం, ఈ సీజను అనే మూడు గుర్తులతో విడదీయగలడు.

యంత్రాల అద్దె కేంద్రాల్లో మరొక సమస్య ఎదురవుతుంది. ఒక విత్తే యంత్రం రోజుకు 8 ఎకరాలు విత్తుతుందని, పదును 8 రోజులు ఉంటుందని అనుకుందాం. మొత్తం 64 ఎకరాలు సాధ్యం. విచారణలు 120 ఎకరాలకు వచ్చాయనుకుంటే 56 ఎకరాలకు యంత్రం అందదు. అందరికీ సరే అని చెప్పిన సంస్థ ఆ 56 ఎకరాల రైతులను ఎనిమిదో రోజు వరకు ఆశ పెట్టి, పదును ఆరిన తరువాత చేతులెత్తేస్తుంది. రెండో రోజే లేదని చెప్పిన సంస్థ ఆ రైతుకు అద్దె గొర్రునో, పక్క ఊరి ట్రాక్టరునో వెతుక్కునే వ్యవధి ఇస్తుంది. సకాలంలో చెప్పిన లేదు అన్న మాట కూడా ఒక సేవయే. వచ్చిన వరుసలోనే యంత్రం పంపక, ఒక ఊరి పొలాలన్నీ కలిపి ఒకే రోజు పూర్తి చేస్తే రాకపోకల కాలం ఆదా అవుతుంది. అయితే ఏ ఊరికి ఏ రోజో రైతువేదిక గోడ మీద ముందుగా రాసి పెట్టాలి. లేనిపక్షంలో పక్షపాతమన్న నింద తప్పదు.

ఇక్కడ న్యాయ ప్రశ్న ఒకటి దాగి ఉంది. ఫోను చేసి పట్టుబట్టగలిగిన రైతుకు సమాధానం ముందు దొరుకుతుంది. కౌలు రైతు, ఒంటరి మహిళా రైతు, ఫోనులో మాట్లాడటానికి జంకే వృద్ధ రైతు వెనుకబడతారు. చాలా ఇళ్లలో సభ్యత్వం భార్య పేరున, ఫోను నంబరు భర్త పేరున ఉంటుంది. పొలం చేసే మనిషికి కబురు అందదు. నమోదు పుస్తకాన్ని నెలకొకసారి ఈ దృష్టితో తిరగేస్తే, ఎవరి విచారణలు ఎక్కువ కాలం పెండింగులో ఉన్నాయో బయటపడుతుంది. సమావేశంలో ఎవరూ అడగని ప్రశ్నను పుస్తకం అడుగుతుంది.

పంట దశలను అనుసరించి సంప్రదింపు

సాధారణ వ్యాపారాల్లో మూడో రోజు, ఏడో రోజు, పదిహేనో రోజు అంటూ కొనుగోలుదారునికి మళ్లీ ఫోన్ చేసే లెక్కలుంటాయి. వ్యవసాయ సంస్థకు ఆ లెక్కలు పనికిరావు. ఇక్కడ క్యాలెండరు పంటదే. అందుకే నమోదు పుస్తకంలో విత్తిన తేదీ అన్ని వివరాలకంటె విలువైనది.

యాసంగి వేరుశనగను ఉదాహరణగా తీసుకోవచ్చు. గింజలుగా కొట్టి ఉంచిన విత్తనం మొలక శాతం త్వరగా తగ్గుతుంది కనుక, విత్తనాన్ని కాయలుగానే నిల్వ చేసి విత్తే ముందు గింజ కొట్టుకోవాలని రైతుకు అమ్మే రోజే చెప్పాలి. విత్తనశుద్ధి చేశారా లేదా అని విత్తే ముందు ఒకసారి అడగాలి. విత్తిన పది రోజులకు మొలక ఎట్లా ఉందో తెలుసుకోవాలి. మొలక తక్కువైతే సందులు నింపడానికి అప్పుడే వీలుంటుంది, విత్తన నాణ్యతపై ఫిర్యాదు ఉంటే ఆ లాటు తీసుకున్న మిగిలిన రైతులను హెచ్చరించడానికీ వీలుంటుంది. మూడో వారంలో కలుపు గురించి, తొలి పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం గురించి గుర్తు చేయాలి. కోతకు రెండు వారాల ముందు ఎంత దిగుబడి రావచ్చో, ఎవరికి అమ్మదలచారో అడగాలి. ఈ ఐదారు సంప్రదింపుల్లో జిప్సం అమ్మకం ఉంది, నూర్పిడి యంత్రం అద్దె ఉంది, చివరకు కాయల కొనుగోలు ఉంది. అయినా రైతుకు అది అమ్మకందారుని వెంటపడటంగా అనిపించదు, ఎందుకంటే ప్రతిసారీ అతనికి అవసరమైన సమయంలోనే మాట వస్తుంది.

ఆముదంలో గెలలు ఒకేసారి కోతకు రావు. 90 నుంచి 120 రోజుల మధ్య మొదటి గెల, ఆ తరువాత దఫదఫాలుగా మిగిలినవి వస్తాయి. కనుక కొనుగోలు విచారణను ఒక్కసారితో ముగించకుండా దఫాల వారీగా తెరిచి ఉంచాలి. గెల వేసే దశలో ముసురు పట్టే సూచన ఉంటే బూజు తెగులు హెచ్చరిక ఆ దశలో ఉన్న రైతులకు మాత్రమే పంపాలి. అందరికీ అన్ని సందేశాలూ పంపితే కొద్ది రోజులకే ఎవరూ తెరిచి చూడరు. బత్తాయిలో అంట్లు అమ్మిన సంబంధం ఏళ్ల తరబడి సాగుతుంది. 6 మీటర్ల ఎడంలో నాటితే ఎకరాకు సుమారు 110 మొక్కలు పడతాయి. నాటిన మొదటి వానాకాలంలో చనిపోయిన మొక్కల లెక్క అడిగి, వాటి స్థానంలో మొక్కలు ఇచ్చే నారుమడి యజమానికి కొత్త విచారణలు తెచ్చిపెట్టేది ఆ తోటల యజమానులే.

మాట తీరు కూడా ముఖ్యం. సందేశం రైతు మాట్లాడే తెలంగాణ భాషలో, వావి వరుసతో ఉంటే చెవికి ఎక్కుతుంది. ఉదాహరణకు విత్తనం ఆలస్యమైనప్పుడు, "నమస్తే అన్నా, సంఘం ఆఫీసు నుంచి మాట్లాడుతున్న. మీరు పల్లి విత్తనం అడిగిన్రు గదా, శుక్రవారం దాక లోడు రాదు. ఆగేటట్టుంటే శుక్రవారం పొద్దుగాల నేనే ఫోన్ చేస్త; ఆగలేనంటే వేరే కాడ తీసుకోన్రి, ఏం అనుకోం" అని చెబితే సరిపోతుంది. ఇందులో ఉన్న స్థితి, తేదీ, బాధ్యత, రైతుకు స్వేచ్ఛ అనే నాలుగు అంశాలు ప్రతి సంప్రదింపులోనూ ఉండాలి. శుక్రవారం పొద్దున ఫోన్ చేయడం మాత్రం తప్పకూడదు. లోడు రాకపోయినా, రాలేదని చెప్పడానికైనా చేయాలి. ఉద్దెర ఇచ్చే దుకాణదారునితో సంస్థ అప్పులో పోటీ పడలేదు. మాట నిలుపుకోవడంలో పోటీ పడగలదు.

సాధనాల ఎంపిక

ఏ సాధనం వాడాలన్నది విచారణల సంఖ్యను బట్టి నిర్ణయించుకోవాలి. పెండింగు విచారణలు ఒక పుస్తకం పేజీలో ఇమిడేంత వరకు గీతలు కొట్టిన పుస్తకమే మేలైన సాధనం. కరెంటు పోయినా, గుమస్తా మారినా అది మిగులుతుంది. రెండు మూడు పేజీలు తిప్పవలసి వచ్చినప్పుడు కంప్యూటరు పట్టికకు మారవచ్చు. తిరిగి మాట్లాడవలసిన తేదీ వారీగా వరుసలు అమర్చుకునే వీలు దానివల్ల కలుగుతుంది. వాట్సాప్ బిజినెస్‌లోని లేబుళ్ల ద్వారా కొత్త విచారణ, ఖరారు, డబ్బు రావలసినది, పూర్తయినది అని సంభాషణలకు గుర్తులు పెట్టుకోవచ్చు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఒక పూర్తి సీజను పుస్తకం మీద నడిపి చూడటం మంచిది. పుస్తకం నింపని సంస్థ సాఫ్ట్‌వేర్ కూడా నింపదు.

రైతు వివరాల గోప్యత విషయంలో అజాగ్రత్త తగదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వ్యక్తి సమ్మతికి ప్రాధాన్యం ఇస్తుంది. ఫోను నంబరు ఏ పనికి తీసుకుంటున్నారో రైతుకు చెప్పాలి. ఆ జాబితాను పురుగుమందుల కంపెనీలకో, ఇతర వ్యాపారులకో ఇవ్వడం నమ్మకాన్ని అమ్ముకోవడమే అవుతుంది.

పనితీరు కొలమానాలు

సీజను చివర పాలకవర్గం ముందుకు నాలుగు సంఖ్యలు రావాలి. మొదటిది, విచారణ వచ్చినప్పటి నుంచి తొలి జవాబు వరకు పట్టిన కాలం. రెండవది, వచ్చిన విచారణల్లో సేవగానో అమ్మకంగానో ముగిసిన వాటి శాతం. మూడవది, వారం దాటి పెండింగులో ఉన్న వాటి సంఖ్య. నాలుగవది, జరగని వాటికి కారణాలు. తొలి జవాబు కాలానికి సగటు కంటె మధ్యస్థ విలువ తీసుకోవడం సరైనది. రెండు మూడు అసాధారణ ఆలస్యాలు సగటును వక్రీకరిస్తాయి. మొత్తం సీజను సంఖ్యతో పాటు రద్దీ వారాల సంఖ్యను విడిగా చూడాలి. ఏడాది సగటు బాగుండి, మృగశిర వారంలో జవాబులు ఆగిన సంస్థ రైతు దృష్టిలో విఫలమైన సంస్థయే.

నాలుగవ సంఖ్య పరిశోధకులకు కూడా ఉపయోగపడుతుంది. రైతులు ఏ రకాన్ని అడిగి దొరక్క వెనుదిరిగారో ఆ పుస్తకం చెబుతుంది. అమ్మిన విత్తనం లెక్క ఎక్కడైనా దొరుకుతుంది. అడిగినా దొరకని విత్తనం లెక్క ఈ పుస్తకంలో తప్ప మరెక్కడా దొరకదు. పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం వంటి కేంద్రాలకు విత్తనోత్పత్తి ప్రణాళిక వేయడంలో ఈ లెక్క విలువైన ఆధారం కాగలదు. వేరుశనగ విత్తన గుణకారం తక్కువ కనుక, ఏ రకం ఎంత కావాలో ఒక సీజను ముందుగా తెలియకపోతే తరువాత సర్దుకోవడం కష్టం.

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు చేపట్టదగిన పనులు

సంస్థల సిబ్బంది శిక్షణలో సాగు పద్ధతులతో పాటు విచారణల నమోదుపై ఒక పూట కేటాయించాలి. వానాకాలానికి ముందు, మే నెలలో ఈ శిక్షణ జరిగితే రోహిణి కార్తె నాటికి పుస్తకం సిద్ధమవుతుంది. మేనేజ్ సంస్థ 2003 నుంచి నిర్వహిస్తున్న ఇన్‌పుట్ డీలర్ల డిప్లొమా కోర్సులో శిక్షణ పొందుతున్న వారికి కూడా పంట దశల సంప్రదింపు పట్టికలను అభ్యాసంగా ఇవ్వవచ్చు. రైతుకు నిత్యం అందుబాటులో ఉండేది వారే.

గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమంలో ఊళ్లలో ఉండే చివరి సంవత్సరం విద్యార్థులు ఒక సంస్థను ఎంచుకుని, పది రోజుల పాటు వచ్చిన ప్రతి విచారణను నమోదు చేసి, తొలి జవాబు కాలాన్ని కొలిచి, ముగియని వాటి కారణాలను వర్గీకరించవచ్చు. జవాబు అందని రైతుల ఇళ్లకు వెళ్లి, వారు ఆ తరువాత ఏమి చేశారో అడగడం ఈ పనిలో అతి విలువైన భాగం. ఆలస్యంగా విత్తారా, దుకాణంలో ఎక్కువ ధరకు కొన్నారా, పొలం బీడు పెట్టారా అన్న జవాబులు తెలిసినప్పుడే ఎత్తని ఫోను ఖరీదు ఎంతో అర్థమవుతుంది.

ముగింపు

విత్తన రకం, ఎరువు మోతాదు, సస్యరక్షణ సిఫారసు ఎంత శాస్త్రీయమైనవైనా అదనులో రైతుకు అందకపోతే ఫలితం ఉండదు. ఆ అందజేతలో చివరి అడుగు రైతు సంస్థ కార్యాలయంలోని ఒక గుమస్తా, ఒక ఫోను, ఒక పుస్తకం. ఒకే పుస్తకంలో నమోదు, ఆలస్య నష్టాన్ని బట్టి ప్రాధాన్యం, వీలుకానప్పుడు సకాలంలో లేదని చెప్పడం, విత్తిన తేదీని అనుసరించి సంప్రదింపు, సీజను చివర లెక్క చూసుకోవడం అనే ఐదు పద్ధతులకు పెట్టుబడి దాదాపు అవసరం లేదు. వచ్చే తొలకరికి ముందే ప్రతి సంస్థలో ఒక పుస్తకానికి గీతలు కొట్టించి, దానికి బాధ్యుని పేరు రాయించడం విస్తరణ సిబ్బంది వెంటనే చేపట్టదగిన పని. సభ్యుడు సంస్థను నమ్మాలా వద్దా అన్నది వాటా పత్రం చూసి తేల్చుకోడు. వాన పడిన మరునాడు తాను చేసిన ఫోనుకు జవాబు వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చుకుంటాడు.